ఖాలా ఎండకాలం అత్తరు

నాకు పిన్నిలాంటి మా పక్కింటి ఖాలా పోయింది. ఎండలు ముదిరిన రోజుల్లో, తెల్లవారుజామున. ఉత్తరాలు తప్ప ఏమీ రాయనిదాన్ని, యాభై ఏళ్ళకు కలం పట్టాను. ఆమె ఇచ్చిన చివరి సీసాలో వాసన పలచబడుతోంది. అది ఆరిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

నేను బోధన్‌కు కోడలిగా వచ్చిన నాటి నుంచి మా రెండిళ్ళకూ ఒకటే గోడ. ఖాలా ఆడవాళ్ళ కోసం ఒక అత్తరు చేసేది, ఎండాకాలంలో మాత్రమే. నువ్వుల మధ్య మల్లెమొగ్గలు, మరువం పొరలుగా పరిచేది. నువ్వులు ఆ వాసన తాగాక గానుగ పట్టించి, ఆ నూనెలో వట్టివేరు అత్తరు చుక్కలుగా కలిపేది. పూసుకుంటే తడిసిన పచ్చగడ్డిలో మల్లెలు విచ్చినట్టుండేది. నిజామాబాద్ నుంచి కూడా వచ్చి తీసుకుపోయేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది వానాకాలంలో ఆమెకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. చలికాలం చక్కెర ఫ్యాక్టరీ మొదలై, వాడంతా చెరుకు మడ్డి వాసన కమ్ముకుంది. ఆ రోజే గోడ మీదుగా అడిగింది.

"ఫ్యాక్టరీ ఇంకా షురూ కాలేదా బిడ్డా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమెకూ అర్థమైంది. ఓణీ చెంగు ముక్కుకు పెట్టుకుని గట్టిగా పీల్చింది. చెంగు దించి గొంతు తగ్గించింది.

"ఎవ్వరికి చెప్పకు. ఇంట్ల కూడ. వాసన తెల్వనిదాని అత్తరు ఎవరు కొంటరు?"

అప్పటి నుంచి నా ముక్కే ఆమె ముక్కు. అయితే దేవుడికి పెట్టే పూలను ముందుగా వాసన చూడకూడదు. సాయంత్రం మా పెరట్లో మల్లెమొగ్గలు తెంపుతున్నప్పుడు ఊపిరి బిగబట్టడం నాకు అలవాటు. అది చూసి ఖాలా రెండు బుట్టలు తెచ్చింది.

"మొదటిది నీ దేవునిది. తీస్కపోయి పెట్టిరా. నా పని ఎన్కకు."

ఇన్నేళ్ళలో మొదటి బుట్ట నిండకుండా రెండోది నన్ను ముట్టుకోనివ్వలేదు.

నూనె కలిపేటప్పుడు దూది చుట్టిన పుల్ల నా ముందు పెట్టి, "ఏమంటుంది?" అనేది.

"మల్లెదే పెద్ద గొంతు ఖాలా. వట్టివేరు ఇనవడ్తలేదు."

"అత్త ముంగట కోడలు లెక్క," అని నవ్వి, ఇంకో చుక్క వేసేది.

ఒకసారి మా అమ్మ పోయిన దుఃఖంలో ఏడ్చి వెళ్ళాను. సీసాలన్నీ మూసేసి నన్ను దగ్గరికి తీసుకుంది. "ఏడ్సిన ముక్కుకు వాసన రాదు బిడ్డా. ఇయ్యాల ఏడువు. నా పని రోజు మాత్రం, పనయినంకనే ఏడ్వాలె."

ఆ రోజు ఆమెకు స్నానం చేయించి, కఫన్ గుడ్డ పరిచాక ఖాలా కూతురు నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, అమ్మీ ఎండకాలం అత్తరే పుయ్యమన్నది. ఈ యేడు కలిపిన సీసాలన్ని నాకు ఒక్కతీర్గనే ఉన్నయి. ఏది కుదిరిందో నీకే ఎర్క. పక్కన కూసుండేదానివి నువ్వే కద."

అల్మారాలో వరుసగా, గుర్తులేవీ లేకుండా ఉన్నాయి. వాటిలో కుదిరింది ఒక్కటే. ఒకటి తీశాను, వాసన రాలేదు. ఇంకోటి, అదీ రాలేదు. పొద్దుటి నుంచి ఏడ్చిన ముక్కు. బయట మగవాళ్ళు ఎదురుచూస్తున్నారు. కుదరని అత్తరుతో ఆమెను పంపేస్తానేమోనని చేతిలోని సీసా కింద పెట్టేశాను.

పని రోజు అన్న మాట గుర్తొచ్చింది. కుండ దగ్గర ముఖం కడుక్కుని, కళ్ళు మూసుకుని రామనామం చెప్పుకున్నాను, ఊపిరి తేలికయ్యే దాకా. మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఒక సీసాలో ముందు పచ్చగడ్డి, దాని వెనక మెల్లగా మల్లె. కూతురి చేతిలో పెట్టాను. ఆమె పూసింది. అప్పుడు ఏడ్చాను.

పిల్లలూ, నా తర్వాత కూడా ఈ కాగితాలు నా చీరల కింద, ఆమె నాకిచ్చిన సీసా పక్కనే ఉంచండి. ఎవరికీ చూపకండి. ఆమె దాచుకున్నది దాచుకున్నట్టే ఉండనీయండి.

సాయంత్రాలు మొదటి బుట్ట దేవుడికి నింపుతున్నాను, ఊపిరి బిగబట్టే. చెయ్యి ఆగక రెండోదీ నింపి గోడ మీద పెడుతున్నాను. చీకటి పడేసరికి అందులో మొగ్గలు విచ్చుకుంటున్నాయి.