బందు నాడు మామ కారు రిపేరు

నా చిన్నప్పుడు, ఒకదిక్కు నక్సలైట్ అన్నల బందులు, ఇంకోదిక్కు పోలీసుల సోదాలు నడిచేటి కాలంల, కోరుట్లల మా మామ ఒక పాత కారు కిరాయికి నడిపేటోడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల చివర్ల ఉండే రబ్బరు బుష్షులు అరిగిపోయి, గుంత వచ్చినప్పుడల్ల కారు దబదబ కొట్టుకునేది. మల్యాల దాకా పోయొస్తే నడుములు పడిపోయేటియి.

బందు నాడు మెకానిక్ షెడ్లన్ని మూసిండ్రు. ఎట్లాగు కిరాయి లేదు గదా అని మామ ఇంట్లనే రిపేరు పెట్టుకున్నడు. బందుల పనిజేస్తున్నడని ఎవలన్న అంటరేమోనని గేటు మూసి గొళ్ళెం పెట్టిండు. గదే కొంప ముంచింది! లోపల సుత్తె దెబ్బలు, బయట చెవులు రిక్కించిన వాడ. మా అత్త నీళ్ళకు పోతే బోరింగు కాడ మాటలు టక్కున ఆగిపోయినయంట. పక్కింటి అక్క చాటుకు పిలిచి చెప్పింది. బందు నాడు కారు తయారుజేస్తున్నది అన్నల కోసమేనని కొందరు, కాదు, పోలీసులకు కబురు మోసేటందుకని కొందరు అంటున్నరంట. ఆ రోజుల్ల ఈ రెండిట్ల ఏ మాట పాకినా మనిషి మిగలడు.

నేను గేటు సందులకెల్లి చూసిన. రోజూ నన్ను బిడ్డా అని పిలిచే ఎదురింటి పెద్దమనిషి అరుగు మీద కూసుండి మా దిక్కే చూస్తున్నడు. ఈయన పోయి ఎవలికి చెప్తడో అనుకుంట పక్కకు జరిగిన.

అత్త బిందె దించి గేటు బార్లా తెరిచింది. మామ గయ్యిమన్నడు.

"లోపల ఏమున్నదని మూస్తివి? చూసేటోళ్ళను చూడనియ్యి," అన్నది అత్త.

అప్పటికే మామ పాత బుష్షులు కొట్టి తీసి, సబ్బునీళ్ళు రాసి కొత్తవి ఎక్కించిండు. ఇగ బోల్టులు బిగించుడే. కారు జాకీ మీద ఉండంగ బిగిస్తే, దించినంక రబ్బరు మెలివడి జల్ది చినుగుతదట. చక్రాలు నేల మీద పెట్టి, బరువేసి బిగియ్యాలె. బరువంటే మనుషులే గదా! అత్త సీదా ఎదురింటికి పోయింది.

"అన్నా, జర వచ్చి కార్ల కూసోరాదే. మీ బావ బోల్టులు బిగియ్యాలె."

ఆయన వచ్చిండు గని ఉత్తగ కూసోలే. డిక్కీ తెరిపిచ్చిండు, సీటు లేపిండు, వంగి కారు కిందికి తొంగిచూసిండు. ఎంత ఒళ్ళు మండిందో నాకు! మామ మాత్రం పానా తుడుసుకుంట నిలవడ్డడు. అన్నీ చూసినంకనే ఆయన వెనక సీట్ల కూసున్నడు. ఆయనను చూసి ఇంకో ఇద్దరు వచ్చి ఇరుక్కున్నరు. మామ కిందికి దూరి బోల్టులు బిగించిండు.

తెల్లారి పోలీసు జీపు రానే వచ్చింది. బందు నాడు ఇంట్ల ఏం జేసినవురా అని మామ కాలర్ పట్టుకున్నరు. అత్త నన్ను గట్టిగ పట్టుకున్నది. ఎదురింటాయన అరుగు దిగి వచ్చిండు.

"బుష్షులేసిండు సార్. బిగించేటప్పుడు కార్ల కూసున్నది నేనే. సీటు గూడ లేపి చూసిన, ఏం లేదు," అన్నడు.

ఆయన్ని కూడ శానసేపు అడిగిండ్రు. ఆయన అదే మాట మీద ఉన్నడు. చివరికి కాలర్ వదిలిండ్రు.

ఇప్పటికీ ఎవలన్న నన్ను అనుమానంగ చూస్తే నాకు కోపం ఆగదు. గని తలుపు తీసి, లోపలికి వచ్చి నిమ్మలంగ చూసుకోమంట. ఆ పొద్దు ఆయన మమ్ముల నమ్మి ఉత్తగ కూసుంటే, మా మామ మాకు దక్కేటోడు కాదు.