ఎర్ర అంగిలి, తెల్ల అంగిలి

సుధారాణి నోట్లో ఏ జబ్బూ లేదు. ఆ మాట మందుల షాపు నరసింహమూర్తి చెప్పాడు. పెద్దాసుపత్రి ఓపీలో కుర్ర డాక్టరు చెప్పాడు. పది రోజులు సముద్రం మీద ఉండి ఒడ్డుకొచ్చిన మొగుడు పోలిరాజు, ఒళ్లు కడుక్కోకముందే టార్చి వేసి చూసి అతనూ చెప్పాడు. ఒక్కరి మాటా ఆమె చెవికెక్కలేదు. లేదన్న కొద్దీ ఉందని బలపడడమే ఆ భయానికున్న గుణం. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ భూతం నోట్లో కాపురం పెట్టిందంటే అన్నం ముద్ద పెట్టినా, ఉమ్మి మింగినా, ఎవరితోనైనా నాలుగు మాటలాడినా నేనున్నానంటూ పలకరిస్తుంది.

జాలారిపేటలో పుట్టి పెరిగిన మనిషి సుధారాణి. తల్లి జోగమ్మ నలభై ఏళ్లుగా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇళ్లిళ్లూ తిరిగి అమ్ముతోంది. ఆ తట్ట కూతురి నెత్తికి ఎక్కకూడదని పట్టుబట్టి పదో తరగతి దాకా చదివించింది. ఆ చదువుతో సుధారాణి రుషికొండ మీద ఓ కంప్యూటర్ల కంపెనీలో హౌస్‌కీపింగ్ పనిలో కుదిరింది. నీలం చీర, మెళ్లో ఫొటో ఉన్న కార్డు, ఏసీ గదులు. తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. పోలిరాజు నెలలో సగం రోజులు బోటు మీదే ఉంటాడు. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలేది తల్లీ కూతుళ్లిద్దరే.

భయం మొదలైంది ఏప్రిల్ నెలలో, ఆఫీసు ప్యాంట్రీలో. అక్కడ టీ కాఫీలు చూసుకునే మిరియం వారం రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఉక్కునగరంలో ఉండే ఆమె మేనమామ ఎడ్వర్డ్ చనిపోయాడు.

"నాలిక పక్కన మినపగింజంత పుండే. పన్ను గీసుకుంటందని ఊరుకున్నారు," అంది మిరియం కప్పులు కడుగుతూ. "క్రిస్మస్‌కి మా ఇంట్లో కేకు తిన్నారు. ఈస్టర్‌కి మనిషి లేరు."

ఆ మాట విని సుధారాణి చేతిలో తుడుపుకర్ర అక్కడే గోడకి ఆనించి, పెద్ద అద్దాలున్న బాత్రూంలోకి వెళ్లి నాలుక బయటకి చాపి చూసుకుంది. ముప్పై నాలుగేళ్లు నోట్లో పెట్టుకుని తిరిగిన నాలుకని మొట్టమొదటిసారి పూర్తిగా చూడడం అదే. లోపల, గొంతు దగ్గర, వరసగా బొడిపెలు కనిపించాయి. బుగ్గ లోపల ఒక తెల్లటి గీత. పైన అంగిలి అంతా ఎర్రగా, పచ్చిగా ఉంది.

చావంటే ఆమెకంత భయం లేదు. తను పోతే అమ్మ ఏమవుతుందన్నదే భయం. అరవై దాటిన మనిషి, అక్షరం రాదు. బస్సు నంబరు కూడా పక్కవాళ్లని అడిగి ఎక్కుతుంది. అల్లుడు మంచివాడే, కానీ సముద్రం మీది మనిషిని నమ్ముకుని ఒడ్డున కూర్చోగలరా ఎవరైనా? తనకేమైనా అయితే అమ్మకి ముద్ద పెట్టే దిక్కుండదు. ఈ ఒక్క ఆలోచనే ఆమెను రోజుకి పదిసార్లు అద్దం దగ్గరికి లాక్కెళ్లేది.

ఫోనులో వీడియోలు చూసింది. చూసిన కొద్దీ అలాంటివే ఇంకో పది వచ్చి పడేవి. వాటిలో ఒకాయన, జబ్బు లేని నోటి పక్కన మీ నోరు పెట్టి పోల్చుకోండి, తేడా మీకే తెలుస్తుంది అన్నాడు. మంచి మాటే అనిపించింది. జబ్బు లేని నోరు ఎక్కడ దొరుకుతుంది? పోలిరాజు ఖైనీ నములుతాడు, అతని నోరు లెక్కలోకి రాదు. ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా, జ్వరమంటే మిరియాల చారుతో సరిపెట్టుకుని, ఈ వయసులోనూ తట్ట మోస్తున్న మనిషి ఇంట్లోనే ఉండగా ఇంకెక్కడో వెతకడమెందుకు?

"అమ్మా, ఓసారి నోరిప్పు," అంది ఒక శనివారం. శనివారం నీసు తినేవాళ్లు తక్కువ కాబట్టి జోగమ్మ పెందలాడే ఇంటికొస్తుంది. సుధారాణికి ఆఫీసు సెలవు.

"ఏటే, నానేటి సంతలో ఎద్దునా, పళ్లు సూసి బేరమాడ్డానికి?"

"కాదే, నీ నోరెలాగుందో సూసి నాది సూసుకుంతాను."

జోగమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నిప్పు ఉన్న కొస లోపల్నుంచి వచ్చింది. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ వీధిలో పెద్దవయసు ఆడవాళ్లందరిదీ అదే అలవాటు. సముద్రపు గాలికి నిప్పు బయట ఉంటే నిలవదు, చేపల మీద బూడిద రాలుతుంది, తడి చేతులతో మాటిమాటికీ వెలిగించుకోవడం కుదరదు. అందుకని నిప్పుని నోట్లో దాచి, పెదాలు మూసి, దారంతా లోపల్లోపలే కాల్చుకుంటూ పోతారు. కొత్తగా చూసినవాళ్లు గుండెలు బాదుకోవాలి గానీ, పేటలో పుట్టినవాళ్లకి అది వక్కాకు నమిలినంత మామూలు. సుధారాణికి ఆ వాసన పడక నేర్చుకోలేదు, అంతే.

జోగమ్మ అంగిలి తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ తెలుపులో అక్కడక్కడా సన్నని ఎర్ర చుక్కలు. సుధారాణికి ఇది కొత్త కాదు. చిన్నప్పుడు బోట్ల కోసం ఇసకలో కూర్చుని తలలు వెనక్కి వాల్చి నవ్వే అమ్మలూ అత్తలూ పెద్దమ్మలూ, అందరి అంగిళ్లూ తెలుపే. పెద్దయిన ఆడదాని నోరు అలాగే ఉంటుందని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు. తనదే తేడా. తనదే ఎరుపు.

"నీది పచ్చికుండే," అంది జోగమ్మ, కూతురు ఫోనులో తీసి చూపించిన తన అంగిలి ఫోటో చూసి నవ్వుతూ. "నిప్పెరగని నోరు. మాయి కాలిన కుండలు. కాలిన కుండకి సీకూ సింతా ఉండదు."

ఆ మాట సుధారాణి గుండెలో ముల్లులా దిగింది. అప్పటినుంచి ప్రతి శనివారం రెండు ఫోటోలు. మొదట తనది, తర్వాత అమ్మది. ఫోనులో పక్కపక్కన పెట్టి, తన ఎరుపు ఈ వారం పెరిగిందా తగ్గిందా అని వేళ్లతో సాగదీసి చూసేది. అమ్మ ఫోటో మీద కన్ను ఒక్క క్షణం నిలిచేది. కొలబద్దని ఎవరు పరీక్షగా చూస్తారు?

వేసవి పోయింది. వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్లీ కదిలాయి, పోలిరాజు వెళ్లాడు. వానలు పడ్డాయి. మొదట్లో విసుక్కున్న జోగమ్మ, వానలు మొదలయ్యాక తనే శనివారం కోసం కాచుకోవడం మొదలుపెట్టింది. చుట్ట ఆర్పి, నోరు పుక్కిలించి, వెలుతురు పడేలా గుమ్మంలో కూర్చునేది. కూతురు మరిచిపోతే గుర్తు చేసేది.

"సూడవేటే ఈయేళ?"

సుధారాణి ఫోటో తీసేది.

"ఎలాగుంది?"

"బాగుందమ్మా. నీకేటి, రాయి."

"బాగా సూడు."

"సూసినాను గదే."

జోగమ్మ తల పంకించి, మళ్లీ చుట్ట వెలిగించుకునేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పులుసు చప్పబడింది. మిరపకాయ పడడం లేదు, వయసైపోతోంది అంది జోగమ్మ. వేడి అన్నం మానేసి చల్లారిన గంజిలో మెతుకులు కలుపుకుని తాగేది. వీధిలో ఆమె కేక వినబడితే మూడో మేడ మీదివాళ్లు గిన్నె పట్టుకుని దిగేవారు. ఇప్పుడా కేక ముక్కులోంచి వస్తోంది. జోగమ్మకి పడిశం పట్టింది, వదలడం లేదు అని బేరాలవాళ్లు ఎగతాళి చేశారు. ఒకసారి టీ తాగుతుంటే టీ ముక్కులోంచి కారింది. పొలమారిందని పమిటతో తుడుచుకుని జోగమ్మే ముందు నవ్వింది. సుధారాణి కూడా నవ్వి, తల్లి నెత్తి మీద రెండు చరుపులు చరిచి, అద్దం దగ్గరికి వెళ్లి తన నోరు చూసుకుంది.

ఆమెను తిట్టడం తేలిక. కానీ ఆ నాలుగు నెలలూ ఆమె సరిగా నిద్రపోలేదు, నాలుగు కిలోలు తగ్గింది. తగ్గడం కూడా జబ్బు గుర్తేనని ఇంకా కుంగింది. భయం మనిషిని కట్టేసిన చోట చుట్టుపక్కల చూపు ఆనదు.

ఆగస్టు చివర్లో మిరియం ఇక చూడలేకపోయింది. "మా చర్చికొచ్చే జయశీల మేడం దంతాల డాక్టరమ్మ. ఎంవీపీ కాలనీలో క్లినిక్. నాను చెప్తాను, ఎల్లి చూపించుకో. ఆవిడ లేదంటే లేదని నమ్ము" అని మాట తీసుకుంది.

డాక్టర్ జయశీల ఓపికైన మనిషి. కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, చిన్న అద్దంతో మూలమూలా చూసింది. నాలుక గుడ్డతో పట్టి పక్కలు చూసింది, బుగ్గలు నొక్కింది, మెడ తడిమింది.

"ఏమీ లేదమ్మా. ఈ బొడిపెలు అందరికీ ఉంటాయి. ఈ గీత పళ్లు ఆనే చోటు. అంగిలి చక్కగా ఉంది."

"ఎర్రగా ఉంది మేడం."

"అంగిలి ఉండాల్సిన రంగే అది."

సుధారాణి లేచి కూర్చుంది. ఈవిడా అందరిలాగే తేల్చేస్తోందని కోపమొచ్చింది. "కాదు మేడం. జబ్బు లేని నోరెలాగుంతాదో నాకు తెలుసు," అని ఫోను తీసి ఇచ్చింది. "ఇది మా అమ్మది. అరవై యేళ్లు. ఒక్క మందుబిళ్ల మింగలేదు. ఈ తెలుపు సూడండి, నాది సూడండి."

జయశీల ఫోను తీసుకుంది. ఒక ఫోటో చూసింది. వేలితో జరిపి ఇంకోటి చూసింది. తర్వాత వెనక్కి, మొట్టమొదటి దాని దాకా వెళ్లి, అక్కడినుంచి ఒక్కొక్కటే ముందుకు వచ్చింది.

"అమ్మ అడ్డపొగ తాగుతారా?"

"మా వీధిలో పెద్దోళ్లంతా అంతే మేడం."

"ఈ తెలుపు ఆరోగ్యం కాదమ్మా. నిప్పుకి అంగిలి అలా అయిపోతుంది," అంది జయశీల నెమ్మదిగా, ఫోను ఆమె వైపు తిప్పి. "ఇది జూన్‌లో. ఎడమ పక్కన పాలమీగడలా దళసరిగా కట్టింది, కనబడుతోందా? ఇది జూలై. అది మధ్యలో చీలింది. ఇది మొన్న శనివారం."

మొన్న శనివారం ఫోటోలో ఎడమ పక్కన పెసరగింజంత నల్లటి మచ్చ ఉంది.

"అది ఫోను నీడ," అంది సుధారాణి.

"నీడ కాదు. కన్నం."

సుధారాణి ఫోటో వైపు చూసింది. పదిహేడు శనివారాలు. తారీఖుతో సహా, వెలుతురు సరిగా పడేలా, అమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తి మరీ తీసింది తనే. అది ఏమిటని అడిగింది. ముక్క తీసి పరీక్షకి పంపితే గానీ చెప్పలేనంది జయశీల. చెప్పేటప్పుడు కళ్లెత్తలేదు. "రేపు తీసుకురా. బేరం ఉందనీ, ఇంకోటనీ వాయిదా వెయ్యొద్దు. పెద్ద డాక్టరుకి నేనే ఫోను చేసి పెడతాను," అంది. జూన్‌లో వచ్చి ఉంటే అని ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ ఆగిన మాటే దారి పొడుగునా సుధారాణి వెంట వచ్చింది.

ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. జోగమ్మ గుమ్మంలో తట్ట కడుగుతోంది. నోట్లో చుట్ట ఉంది, పెదాలు మూసి ఉన్నాయి, ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

"ఏటన్నారే డాక్టరమ్మ?"

"నాకేటీ నేదంట."

"మరి, నాను సెప్పినాను గదా," అంది జోగమ్మ. ఆ గొంతులో నాలుగు నెలల బరువు దిగిపోయింది. చుట్ట తీసి పక్కన పెట్టింది. "అమ్మోరి తల్లికి కోడిని మొక్కుకున్నాను నీ గురించి."

సుధారాణి ఆమె పక్కన తడి నేల మీదే కూలబడింది.

"అమ్మా, నీకు నోట్లో నొప్పుందా?"

జోగమ్మ తట్టలో నీళ్లు ఒంపేసింది. "ఉంది."

"ఎప్పటినుంచి?"

"వానలు పడ్డకాడి నుంచి. మొదట సుర్రుమనేది. ఇప్పుడు సెవిలోకి పోట్లు లాగుతంది."

"మరి నాకు సెప్పలేదేటమ్మా?"

"సెప్పడానికేటుందే," అంది జోగమ్మ, కూతురు ఇంత చిన్న విషయం అడుగుతోందేమిటన్నట్టు. "నొప్పెట్టగానే ఆసుపత్రికి ఎల్దామనే అనుకున్నాను. నువ్వు శనోరం శనోరం లైటేసి సూత్తన్నావు. బాగుందమ్మా అంతన్నావు. సదూకున్నదానివి, నీ కంటికి అగపడకుండా ఏటుంతాదిలే అని ఓర్సుకున్నాను."

సుధారాణి ఏడ్చేసింది. కన్నీళ్లు ఆగలేదు. జోగమ్మ కంగారుగా తట్ట వదిలేసి, చేపల వాసన ఉన్న తడి చేత్తో కూతురి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఏటే, నీకేటీ నేదన్నారు గదా. మరెందుకేడుత్తన్నావు?"