మూడో రీలు

గూఢచారికి ఆడపడుచులు ఉండరు. ఈ సంగతి నేను పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాను. ఎక్కడికి పోయావు, ఎవరితో పోయావు, ఇంతసేపు ఏం చేశావు అని అతన్ని ఎవరూ అడగరు. ఒకవేళ అడిగితే శత్రువులే అడుగుతారు. అతను హాయిగా అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధానికి జీతం కూడా తీసుకుంటాడు. పాత గూఢచారి సినిమాలంటే నీకెందుకంత పిచ్చి అని అడిగినవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఆడవాళ్లు నవ్వి ఊరుకుంటారు. మగవాళ్లు ఇంకో కారణం చెప్పమంటారు. ఇంకో కారణం లేదు.

నేను బొమ్మనహళ్ళిలో ఒక స్కూల్లో సైన్సు చెబుతాను. హోసూరు రోడ్డు పక్కన మా ఆయనకు గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే అంగడి ఉంది. మా ఇంట్లో ముందుగదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. దాన్ని పూజగది చేయాలని మా అత్తగారు, జిప్పుల మూటలు వేసుకోవాలని మా ఆయన చాలాకాలం కొట్లాడుకున్నారు. వాళ్ల కొట్లాట తేలేలోపు నేను అందులో ప్రొజెక్టరు పెట్టేశాను. పెట్టేశాక తీయమని ఇద్దరూ కలిసి నా మీదికి వచ్చారు. తీయలేదు.

నా దగ్గరున్నవి థియేటర్లలో తిరిగే పెద్ద రీళ్లు కావు. ఇళ్లలో టీవీలు, క్యాసెట్లు లేని రోజుల్లో విదేశాల్లో గోడ మీద వేసుకోవడానికి అమ్మిన చిన్న ఫిల్ములు. ఫిల్ము వెడల్పు చిటికెన వేలి గోరంత, రీలు టిఫిను ప్లేటంత. రెండు గంటల సినిమాను కోసి, కుదించి, మూడు నాలుగు రీళ్లకు సరిపెట్టి అట్టపెట్టెల్లో అమ్మేవాళ్లట. అవి ఎవరెవరి సామానుతోనో ఈ ఊరు చేరాయి. ఆ మనుషులు పోయాక ఆదివారం సంతలో, గోనెపట్టా మీద, తుప్పు పట్టిన తాళాల పక్కన తేలాయి. అక్కడే ఏరుకున్నాను. రంగులు చాలావరకు వెలిసిపోయి ఎరుపొక్కటే మిగిలింది. నా గూఢచారులు ఎర్రటి మంచులో నడుస్తారు, ఎర్రటి పాలు తాగుతారు. లెన్సు ముందు నీలం అద్దం పెడితే రంగులు కొంచెం సర్దుకుంటాయని ఒకాయన సలహా ఇచ్చాడు. నాకు ఎరుపే బాగుందని చెప్పాను.

"అంతా ఫోన్లోనే ఉండాది కదా, సుమ్నే అట్లా ఊరికే చూసేసి పడుకోరాదా?" అంటాడు మా ఆయన.

ఫోన్లో ఉన్నది నాకు తెలుసు. ఫోన్లో అందరికీ ఉన్నది. దుప్పట్లు కట్టి గది చీకటి చేసి, ఫిల్మును వేళ్లతో మిషనులోకి ఎక్కించి, అది టకటకమని తిరుగుతుంటే తెల్ల పంచె మీద మనుషులు లేచి నడవడం ఫోన్లో లేదు. ఈ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా, ఆ తెల్ల పంచె తనదని గుర్తుచేస్తాడు తప్ప వేరే జవాబివ్వడు.

నా దగ్గరున్న సినిమాలన్నిటిలో నన్ను ఏడిపించింది ఒకటే. నాలుగు రీళ్ల ఇంగ్లీషు సినిమా. నాకు దొరికిన పెట్టెలో ఒకటి, రెండు, నాలుగు ఉన్నాయి. మూడోది లేదు. కథ ఏమిటంటే, గూఢచారి ఆఫీసులోనే ఎవరో రహస్యాలు శత్రువుకు అమ్ముతుంటారు. అతని పై అధికారి, స్నేహితుడు, టైపిస్టు, ముసలి డాక్టరు – నలుగురి మీద అనుమానం. రెండో రీలు చివర నలుగురూ అతనితోపాటు రైలెక్కుతారు. నాలుగో రీలు మొదట్లో అతనొక్కడే చేతికి కట్టుతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాడు. ద్రోహి ఎవరు, ఆ కట్టు ఎలా వచ్చింది, మిగతావాళ్లు ఏమయ్యారు, అంతా మూడో రీల్లో జరిగిపోయింది. ఏళ్ల తరబడి నేను రెండో రీలు తీసి నాలుగోది ఎక్కిస్తూ, నడుమ ఆ కాసేపు కోపంతో ఉడికిపోయేదాన్ని. ద్రోహి ఎవరో ఎవరైనా చెప్పేస్తామంటే చెవులు మూసుకున్నాను. తెలిస్తే నా గోడ మీదే తెలియాలి.

ఇలాంటి రీళ్లు చేర్చేవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నేనొక్కతినే ఆడదాన్ని. ఒకరోజు మూడో రీలు కావాలని అడిగితే, వర్తూరులో ఒక పెద్దాయన దగ్గర ఉందని తేలింది. ఆయన దగ్గర ఆ సినిమాలో మూడోది ఒక్కటే ఉందట. ఆ పెద్దాయన తాతలు కూడా మావాళ్లలాగే ఎప్పుడో రాయలసీమ నుంచి వచ్చి ఈ ఊళ్లో పాతుకుపోయినవాళ్లు. సంతోషంతో ఫోన్ చేశాను.

"మీ ఇంట్లో రీళ్లు చేర్చేది ఎవరమ్మా? మీ ఆయనేనా? ఆయనకి ఫోనియ్యి," అన్నాడు.

"నేనే సార్ చేర్చేది."

"అట్ల కాదమ్మా. మిషను తెలిసినోళ్లతో మాట్లాడల్ల నేను."

ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది. స్కూల్లో నలభై మంది పిల్లలకు కాంతి, కటకాలు చెప్పేదాన్ని, నాకు మిషను తెలియదట.

తర్వాత కొన్నేళ్లు గ్రూపులోనే రాయబారాలు నడిచాయి. రీళ్లు చేర్చే మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి రీలు వాళ్ల మిషను మీదే తిరగాలి. అవతలివాడి మిషనులో ఏ దుమ్ముందో, ఏ చక్రం పన్ను అరిగిపోయి ఫిల్మును గీకుతుందో తెలియదు కాబట్టి ఎవరూ ఎవరికీ రీలు అప్పివ్వరు. అమ్మరు కూడా, మార్చుకుంటారు అంతే. ఆయన నా మూడు రీళ్లూ తనకిచ్చి వేరే సినిమా ఏదైనా తీసుకోమన్నాడు. నేను ఆయన ఒక్క రీలూ నాకిచ్చి నా దగ్గర నచ్చినవి రెండు పట్టుకుపొమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. మూడోది లేకుంటే మిగతా మూడూ చిత్తు కాగితాలేనని ఆయన గ్రూపులో రాశాడు. మిగతా మూడూ లేకుంటే మూడోది మాత్రం దేనికి పనికొస్తుందో చెప్పమని నేను రాశాను. ఇద్దరం ఒకే ఊళ్లో ఉంటూ ఒక సినిమాను రెండు ముక్కలు చేసుకుని కూర్చున్నాం. పంతమే అనుకోండి. ఆ పంతం విడిస్తే నా గదిలో నేను అద్దెకున్నట్టే.

అలా ఉండగా, ఈ మధ్య ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. ఈసారి మా ఆయనను అడగలేదు.

"అమ్మా, మూడోది పులిసిపోతా ఉండాది," అన్నాడు.

పాత ఫిల్ముకు వచ్చే రోగం అది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఫిల్ము ముడుచుకుంటుంది, పెళుసైపోతుంది, కొన్నాళ్లకు మిషనులో నిలవదు. ఆ వాసన పక్క రీళ్లకు కూడా అంటుకుంటుందని మావాళ్లు అలాంటి రీలును వెంటనే ఇంట్లోంచి బయటపెడతారు. నా మూడో రీలు పోతోంది. అవును, అప్పటికే అది నాదని అనుకుంటున్నాను.

"నీ మూడూ తీసుకుని వస్తావా? నా మిషను మీద అన్నీ చూసేద్దాము."

"నా రీళ్లు మీ మిషను మీద తిరగవు సార్. నా మిషను నేను తెచ్చుకుంటా. మీ రీలు మీ దాని మీద, నావి నా దాని మీద."

"సరే, రా," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ఆయనా అంగడి వ్యానులో ప్రొజెక్టరు పెట్టుకుని బయల్దేరాం. వర్తూరు రోడ్డు గుంతల్లో మిషను దెబ్బతింటుందేమోనని దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ పెద్దాయన మా ఆయన భుజం మీద చెయ్యివేసి లోపలికి తీసుకుపోయి, తన మిషను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మోటారు ఎక్కడిది, బల్బు ఎప్పుడు మార్చాడు, అన్నీ. మా ఆయన కొంతసేపు తలూపి, "నాకేం తెల్దు సామీ. నేను డ్రైవరు," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయనను చాలా విషయాల్లో క్షమించేశాను, పంచె గోలతో సహా.

కిటికీలకు కంబళ్లు కట్టి, రెండు మిషనులను పక్కపక్కనే ఒకే గోడకు గురిపెట్టాం. నా ఒకటో రీలు, రెండో రీలు సాఫీగా నడిచాయి. ఆయన ఆ రెండూ మొదటిసారి చూస్తున్నాడు. కథ మొదలు తెలియకుండానే ఆయన ఇన్నేళ్లూ నడుమ ముక్క చూశాడని నాకప్పుడు తట్టింది. టైపిస్టు కనపడగానే, "ఓహో, ఈయమ్మ వీళ్లాఫీసులో పనిచేస్తాదా!" అన్నాడు. "చెప్పొద్దు సార్!" అని అరిచాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రెండో రీలు చివర రైలు కదిలింది. నేను నా మిషను ఆపడం, ఆయన తన మిషను మీట నొక్కడం ఒకేసారి జరిగాయి. రైలు ఆగకుండా గోడ మీద పక్కకు జరిగి సాగిపోయింది. గూఢచారి బోగీ తలుపు తీశాడు, నోరు తెరిచాడు. తెరిచి జర్మన్ భాషలో మాట్లాడాడు.

మా ముగ్గురికీ ఆ భాష ముక్క రాదు. అన్నేళ్ల కొట్లాటలో ఫిల్ము వెడల్పెంత, శబ్దం ఉందా, ఎన్ని అతుకులున్నాయి అని ఒకరినొకరం లాయర్లలాగా ప్రశ్నించుకున్నాం గానీ, మీ రీలు ఏ భాషలో ఉందని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సినిమాయే ఆ భాషలో ఉంటుందని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మాకూ నవ్వొచ్చింది. భాష సంగతి తర్వాత, ముఖం కనపడితే చాలు అనుకుని కళ్లు గోడకు అప్పగించాను.

దీపాలు ఆరిన బోగీలో ఎవరో వెనకనుంచి వచ్చి గూఢచారి చేతిలో కత్తి దించారు. ఆ మనిషి టోపీ తీసి మెల్లగా ఇటు తిరగబోతుండగా మిషను కరకరమంది. బొమ్మ వణికింది, గోడ తెల్లగా అయిపోయింది. ఫిల్ము తెగి మిషను వెనక కుప్పగా పడింది. గదంతా పుల్లటి వాసన.

ఆయన కుర్చీలోంచి లేచి, ఆ ముక్కను దీపం దగ్గర పెట్టి చూశాడు. అంచున ఉండే చిల్లులు చాలాచోట్ల చీలిపోయి ఉన్నాయి. "అతికించి మళ్లీ వేస్తే రీలంతా పోతాది," అన్నాడు. "ఇట్లే చుట్టి పెట్టేస్తే ఇంగా కొన్నేండ్లు ఉంటాది. ఏం చేద్దామమ్మా?"

ఆయన నన్నే అడిగాడు. రీలు ఆయనది, మిషను ఆయనది. వద్దు, చుట్టి పెట్టండి అనడమే మర్యాద. నాకు ఆ మర్యాద రాలేదు. ఉండి ఏం చేస్తుంది? డబ్బాలో పులుస్తూ, ఎవరికీ కనపడకుండా, ఇంకో నాలుగేళ్లు ఉంటుంది. దాచుకోమని చెప్పేవాళ్లు లోకంలో కావలసినంత మంది ఉన్నారు. నాకు బతుకంతా అదే చెప్పారు.

"వేద్దాం సార్. మీకు ఇష్టమైతే," అన్నాను.

"అయితే నువ్వే అతికియ్యి. నాకి కండ్లు ఆనవు, చెయ్యి వణుకుతాది," అన్నాడు.

నా సంచిలోంచి టేపు, బ్లేడు తీశాను. చీలిన భాగం కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, ఆయన మిషనులోకి నేనే ఎక్కించాను. అలా ఇంకొకరి మిషనును నేను ముట్టుకోవడం అదే మొదలు. బోగీ మళ్లీ గోడ మీదికి వచ్చింది. టోపీ తీసిన మనిషి ఇటు తిరిగాడు. ముఖం స్పష్టంగా, ఎర్రగా, గోడంత పెద్దగా కనపడింది. ఎవరో చూశాను. నేను అనుమానించిన మనిషి కాదు. అన్నేళ్లుగా నేను మంచివాడని నమ్మిన మనిషే. నోరు తెరుచుకుని ఉండిపోయాను, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. వెనక ఫిల్ము పటపట విరుగుతున్న శబ్దం వినిపిస్తూనే ఉంది. ఎవరమూ ఆపలేదు. రీలు చివరి దృశ్యం దాకా వచ్చి, అప్పుడు పూర్తిగా నలిగిపోయింది.

నేను నాలుగో రీలు వేశాను. చేతికి కట్టుతో గూఢచారి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఇన్నాళ్లకు అతని బాధేమిటో నాకు అర్థమైంది.

జరిగింది జరిగినట్టు నేనే గ్రూపులో రాశాను. దాచడానికి నేను దొంగతనం చేయలేదు. అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు. ఈ దేశంలో ఆ రీలు ఇంకొకటి ఉందో లేదో అన్నారు. చేతకానివాళ్ల చేతికి ఇస్తే ఇంతేనన్నారు. క్షమాపణ చెప్పమన్నారు. చెప్పనన్నాను. అది ఆడడానికి పుట్టింది, ఆడుతూ పోయింది, ఆ పూట ముగ్గురం కళ్లారా చూశాం, రేపు ఇంకొకటి దొరికితే దాన్నీ ఆడిస్తానని రాశాను. అప్పుడు ఒకాయన నన్ను వదిలేసి ఆ పెద్దాయన మీద పడ్డాడు. మీ అంత అనుభవం ఉన్నవాళ్లు ఎవరో ఒకామెను మిషను మీద చెయ్యి ఎలా వేయనిచ్చారు అని నిలదీశాడు.

పెద్దాయనకు టైపు చేయడం సరిగా రాదు. తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. వంటింట్లో నిలబడి విన్నాను, మా ఆయన కూడా విన్నాడు.

"రీలు నాది. ఎయ్యమని చెప్పింది నేను. ఇంగోటి ఉండింటే అదీ ఆయమ్మ చేతికే ఇచ్చింటాను."