కొట్టివేతల బాబాయ్

ఫిజిక్స్ ల్యాబ్ అటెండరును విద్యార్థులు కొట్టివేతల బాబాయ్ అంటారు. రికార్డు తెరవగానే ఆయన వెతికేది కొట్టివేతలనే. ఒక్కటి కూడా లేదంటే పక్కవాడిది చూసి దించారనే లెక్క. అందుకే ల్యాప్‌టాప్ అంటే ఆయనకు ఒళ్లు మంట. "సైన్సు చదవడానికి ఆ పెట్టె దేనికి? చెరిపేస్తే ఆనవాలే ఉండదు!" అని ముప్పై ఏళ్ల అనుభవంతో గొణుగుతుంటాడు.

ఆ రోజు మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె లోలకం ప్రయోగం చేసి, రీడింగులను నేరుగా ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది. పట్టికలో అంకెలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"ఎవరి దగ్గర దించావమ్మా?" అన్నాడు బాబాయ్.

అమ్మాయి మూతి ముడుచుకుని ఇంకో ఫైలు తెరిచింది. దాని పేరు ‘తప్పులు’. అందులో కొట్టేయాల్సిన రీడింగులు పదిహేడు, ఒక్కోదాని పక్కన కారణం. దారం జారింది. ఊపుల లెక్క తప్పింది.

"ఇన్ని కారణాలు రాయడానికి రికార్డులో చోటెక్కడిది బాబాయ్? ఇక్కడైతే ఒక్క నొక్కుతో ఇదే కారణాలవారీగా సర్దేసింది, చూడండి."

చూశాడు. పదకొండింటి పక్కన ఒకటే మాట: ఫ్యాను గాలి.

బాబాయ్ తలెత్తాడు. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే వచ్చి, పిల్లలకు ఉక్కపోస్తుందని ఆ ఫ్యాను వేసేది తనే. తాను మురిసిపోయిన కొట్టివేతల్లో ఎన్ని తన చలవో!

వెళ్లి స్విచ్చు ఆపేశాడు.