బూర మాస్టారికి చెప్పని పేరు

ఆ సైనిక పాఠశాలలో బ్యూగిల్ ఊదే ఆయనకు పిల్లలు పెట్టిన పేరు బూర మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే పిల్లల్ని లేపేదీ ఆయన బూరే, యుద్ధంలో పోయిన పాత విద్యార్థుల్ని సాగనంపేదీ ఆయన బూరే. సాగనంపడానికి అక్కడొక పద్ధతుంది. పోయినవారి పేరు ఊదేవాడికి ముందుగా చెప్పరు. వెనకటి మాస్టారొకాయన, తాను వేలు పట్టి నేర్పిన కుర్రాడి పేరు ముందే విని, మైదానంలో ఊపిరాడక కొయ్యబారిపోయాడట. అప్పట్నుంచి ఆఫీసు పంపే చీటీలో వేళా, బ్యాచూ మాత్రమే ఉంటాయి. పేరు జెండా దగ్గర చదువుతారు, చదవగానే ఊదాలి. మంచి ఏర్పాటే అనుకునేవాడు మాస్టారు, తన కూతురు అదే బడిలో చదివి సైన్యంలో చేరేదాకా.

ఆ మధ్యాహ్నం గుమాస్తా తెచ్చిన చీటీలో 'నలభై రెండో బ్యాచ్' అని ఉంది. కూతురి బ్యాచ్.

పిల్ల దగ్గర్నుంచి ఆదివారం రావలసిన ఫోను కూడా రానేలేదు.

"ఎవరయ్యా?" అన్నాడు.

"నాకూ తెలీదన్నా. కవరు పెద్దసారు దగ్గరుంది."

"ఆడపిల్లా, మగపిల్లాడా? అదైనా చెప్పు, నీకు పుణ్యముంటుంది."

"భలేవాడివే! మీ పిల్లయితే ముందు మీ ఇంటికి కబురొచ్చేది కదా!"

ఇంటికా? ఇంటికి తాళం వేసుంది. భార్య వాళ్ళక్క దగ్గరికెళ్ళి వారమైంది. తానేమో తెల్లారినప్పట్నుంచీ బ్యాండు గదిలోనే ఉన్నాడు. ఆవిడకు ఫోను చేసి అడగడానికి ధైర్యం చాలలేదు. భయమెంత చెడ్డదంటే, ఇత్తడి తుడిచే గుడ్డతో చెమట తుడుచుకుని మొహమంతా పాలిష్ పూసుకున్నాడు పాపం.

సాయంత్రం జెండా దించే వేళకు మైదానంలోకి వెళ్తే, పోయినవారి ఇంటివాళ్ళకు వేసే మూడు కుర్చీలూ ఖాళీ. ఎవరూ రాలేదంటే ఏమిటర్థం? ఆ ఇంటివాడు ఇక్కడే ఉన్నాడనేగా! నోరు పిడచకట్టుకుపోయింది. తడి లేని పెదవులకు బూర పలకదు.

పెద్దసారు కవరు చించి పేరు చదివారు. మగపిల్లాడి పేరు.

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. బూర ఎత్తి ఊదాడు, ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ ఊదనంత బాగా. సంతోషం పట్టలేక కన్నీళ్ళు ధారలు కట్టాయి. ఆయన్ని చూసి వరసల్లో నిలబడ్డ పిల్లలూ ఏడ్చారు.

దారిలో బండి చెడి ఆలస్యంగా వచ్చిన ఒకావిడ గేటు దగ్గరే నిలబడి అంతా విన్నది. పోయిన కుర్రాడి తల్లి. తిన్నగా మాస్టారి దగ్గరికొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"మా వాడికోసం ఎంత ఏడ్చారన్నయ్యా! మీకూ పిల్లలున్నారేమో?"

నా కూతురు బతికుంది, అందుకే ఏడ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? సిగ్గుతో చచ్చిపోయాడు.

"లేరమ్మా," అన్నాడు.

అన్నాకగానీ తెలియలేదు, ఎంత మాటన్నాడో. చూస్తే పొద్దుగూకే వేళ. తథాస్తు దేవతలు తిరిగే వేళ. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు, మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

"ఉంది! నాకు కూతురుంది! బతికే ఉంది!"

ఆవిడ ఆయన చేతులు మెల్లగా వదిలేసింది.