స్టీలు డబ్బాల భానుశ్రీ

నాలుగోసారి కూడా సివిల్స్ మెయిన్స్ దాటలేకపోయిన ఏడాది భానుశ్రీ నంద్యాలకు తిరిగి వెళ్లలేదు. ఢిల్లీ బేర్ సరాయ్‌లోని ఇరుకు గదిలోనే ఉండిపోయింది. పుస్తకాలన్నీ కొత్తగా వచ్చినవాళ్లకు పంచేసింది. చదువు ఒత్తిడి తగ్గాక, ఇన్నేళ్లూ తలవంచుకుని నడిచిన సందును తీరిగ్గా చూసింది.

మెస్సుల నుంచి గదులకు పూటపూటా పార్సిళ్లు వెళ్లేవి. అన్నం ప్లాస్టిక్ డబ్బాలో, సాంబారు ఒక కవర్లో, పెరుగు ఇంకో కవర్లో. తిన్నాక అవన్నీ సందు మలుపులో గుట్టపడేవి. ఆవులు ఆ కవర్లు నమిలేవి. వానపడితే కాలువ పూడిపోయి మురికినీళ్లు పుస్తకాల షాపుల మెట్లెక్కేవి. పర్యావరణం మీద ఆమె పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసింది. తన గది కిందున్న ఈ గుట్ట గురించి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

అలా మొదలైంది ఆమె వ్యాపారం. స్టీలు డబ్బాలు మెస్సులకు అద్దెకివ్వడం, తిన్నాక హాస్టళ్ల మెట్ల దగ్గర పెట్టిన బుట్టల్లోంచి తెచ్చుకోవడం, కడిగి మళ్లీ పంపడం. వెనకసందులో ఒక గది తీసుకుంది. కడగడానికి సునీతా దీదీ కుదిరింది. మొదట ఒప్పుకున్నది గుంటూరు మెస్సు నడిపే మాణిక్యాంబ.

ఈ సంగతి విని నంద్యాల నుంచి అమ్మ ఫోన్‌లో వాపోయింది. "ఏమ్మే, కలెక్టరయితావని పంపిస్తే ఢిల్లీలో గిన్నెలు తోముతాండావా?"

"తోముతాండానమ్మా. నాకు బాగానే ఉంది" అంది భానుశ్రీ. నిజంగానే బాగుంది. ఏళ్ల తర్వాత ఆమెకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

మెస్సులు పెరిగాయి. డబ్బాలూ పెరిగాయి. వానాకాలం వచ్చేసరికి పని ఊపిరాడనివ్వలేదు. ఒక మధ్యాహ్నం ఉదయ్‌కిరణ్ అనే కుర్రాడు డబ్బా పట్టుకుని మాణిక్యాంబ మెస్సుకు వచ్చాడు. భానుశ్రీ అప్పుడే అక్కడ డబ్బాలు దించుతోంది.

"అక్కా, మూత వాసన చూడు."

చూసింది. పాత సాంబారు పులిసిన వాసన.

మాణిక్యాంబ కూడా అందుకుని చూసింది. ఆమె ముఖం మారిపోయింది. "ఏంటమ్మాయ్ ఇది? ఈ పిల్లలకి కడుపులో తేడా చేస్తే వాళ్ల అమ్మలకి ఏం చెప్పుకోను? రేపట్నించి నీ డబ్బాలొద్దు."

దించిన డబ్బాలన్నీ భానుశ్రీ మళ్లీ ఎత్తుకుంది. ఆ మాటలో న్యాయముంది. సాయంత్రానికి కబురు పాకి మిగతా మెస్సులవాళ్లూ వద్దన్నారు.

గదికొచ్చి మూతలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక్కో మూత అంచులో రబ్బరు చుట్టు ఉంటుంది. మొదట్లో దాన్ని ఊడదీసి కడిగేవాళ్లు. పని పెరిగాక, త్వరగా కానిమ్మని సునీతకు చెప్పింది తనే. ఆ చుట్టు కింద నల్లగా జిడ్డు పేరుకుంది.

గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్న పాత స్నేహితుడు జశ్వంత్‌కు ఫోన్ చేసింది. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "సింపుల్ కదా. ప్రతి డబ్బాలో పల్చటి ప్లాస్టిక్ షీటు వెయ్యి. కడిగే బాధే ఉండదు, ఫొటోల్లో స్టీలే కనిపిస్తుంది."

"అలాగైతే ఇంక నేనెందుకు జశ్వంత్, ఆ ప్లాస్టిక్ డబ్బాలే ఉండనీ."

మర్నాటి నుంచి కొన్నాళ్లు పని ఆపేసింది. రబ్బరు లేకుండా పక్క కొక్కేలతో బిగించే మూతలు చేయించింది. వెనకసందు గది వదిలేసి, మెస్సుల మధ్యే, నడిచేదారి మీద ఒక పాత షాపు తీసుకుంది. దాని షట్టరు పొద్దున్నించీ ఎత్తే ఉంచింది. మరిగే నీళ్ల తొట్లు, ఆరబెట్టిన మూతలు, సునీత చేతులు, అన్నీ దారినపోయేవాళ్లకు కనబడేలా. కోచింగుకు వెళ్లే పిల్లలు ఆగి తొంగిచూసేవాళ్లు. ఎవరొచ్చినా లోపలికి రమ్మనేది.

ఒకనాడు మాణిక్యాంబ కూరగాయల సంచీతో వచ్చింది. పలకరించకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆరిన మూతలు ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. భానుశ్రీ మిగతా మూతలు కూడా తెచ్చి ముందు పెట్టింది.

"సాంబారు డబ్బాకి ఈ కొక్కెం చాలదు. రెండోవైపూ పెట్టించు" అంది చివరికి.

"పెట్టిస్తాను ఆంటీ."

"పెట్టించి రేపు పంపు." సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు గట్టిగా అరిచాను కదూ" అంది.

"అరవాల్సిందే ఆంటీ" అంది భానుశ్రీ.

చలికాలానికి పాత మెస్సులు చాలావరకు తిరిగొచ్చాయి. పక్కనున్న జియా సరాయ్ నుంచి కొత్తవి అడిగాయి. సునీతకు తోడుగా ఆమె చెల్లెలు చేరింది. మలుపులో గుట్ట మాయమైపోలేదు. బిర్యానీ షాపులవాళ్లు ఇంకా ప్లాస్టిక్‌లోనే ఇస్తున్నారు, భానుశ్రీ వాళ్లచుట్టూ తిరుగుతూనే ఉంది. కానీ గుట్ట సగానికి తగ్గింది. ఆమధ్య ఒక పెద్దవాన పడితే నీళ్లు కాలువలోంచే పోయాయి.

మొన్న పొద్దున ఆమె మాణిక్యాంబ మెస్సులో డబ్బాలు దించుతుంటే, విజయవాడ నుంచి కొత్తగా దిగిన ఒక అమ్మాయి పార్సిలు అడిగింది. స్టీలు డబ్బా చేతికిస్తే తటపటాయించింది. "ఆంటీ, పారేసేది ఇవ్వరా? ఇది మళ్లీ తేవాలా?"

"మీ మెట్ల కింద బుట్టలో పెట్టమ్మా, చాలు. ఇక్కడ అందరం అట్టాగే చేస్తాం" అంది మాణిక్యాంబ, గరిటె దించకుండానే.

భానుశ్రీ ఖాళీ బుట్టలు రిక్షాలో సర్దుకుని జియా సరాయ్ వైపు బయల్దేరింది.