పంజరం కింది దుమ్ము

ఎమ్మిగనూరులో నేను అద్దెకుండే వీధి మొదట్లో ఈమధ్య రంగురంగుల పిట్టలు అమ్మే దుకాణం ఒకటి పెట్టారు. కొర్రల పొట్టు, తడిసిన ఈకలు, ఎండిన రెట్ట కలిసిన వాసన ఒకటి దాని ముందు ఎప్పుడూ ఉంటుంది. బడి వదిలాక పిల్లలు అక్కడ గుంపుగా నిలబడి ఈలలు వేస్తుంటారు. వాళ్ల టీచరునైన నేను మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. టీచరమ్మకు పిట్టలంటే భయమని వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. ఆ వాసన నన్ను ఆదోనిలో ఒక ఒంటిగది ఇంట్లోకి, నా ఎనిమిదో ఏటికి లాక్కుపోతుంది.

ఆ ఏడు అమ్మానాన్న సుగ్గికి పోయారు. గోనెగండ్ల పక్క మా ఊళ్లో పనులు లేనప్పుడు మిరపకాయ కోతకు గుంటూరు వైపు వలసపోవడాన్ని మావాళ్లు సుగ్గి అంటారు. నా చదువు చెడుతుందని నన్ను ఆదోనిలో చిన్నమ్మ దగ్గర వదిలారు. పెళ్లయిన ఏడాదికే మగడు పోయిన మా చిన్నమ్మ పత్తి మిల్లులో కూలికి పోయేది. చలికాలమంతా ఆ వీధిలో దూది గాల్లో తేలుతూ, దండెం మీది బట్టలకూ వేపకొమ్మలకూ ఉగ్గాని బండి మీది బొరుగులకూ అంటుకుంటూ ఉండేది. బడి నుంచి వచ్చి, నా కుడిచేతికీ ఎడమచేతికీ పోటీ పెట్టి ఒంటరిగా వామనగుంటలు ఆడుకుంటూ, మిల్లు కూత కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఎడమచెయ్యి గెలిస్తే బాగుండునని ఎందుకో ఉండేది.

చిన్నమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పుతూ వచ్చేది. కనుబొమల నిండా తెల్లటి నూగు. "ముసిల్దాన్నయిపోయినా సూడు పాపా" అని నవ్వి, నా చెంపకు ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చేది. పొద్దంతా దూది పీల్చిన ముక్కుకు ఆ వాసనే మందట. ఆ ఒక్క క్షణం కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని.

ఒక ఆదివారం ఆమె ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లాలతో పాటు ఒక రామచిలకను కూడా తెచ్చింది. ఎవడో తట్టలో కుక్కి అమ్ముతున్నాడట. "ఒక్కదానివే ఉంటాండావు గదా, నీకు తోడుంటాదని తెచ్చినా" అంది. నోటితో తినిపిస్తే చిలకకు మాటలు తొందరగా వస్తాయని మా వీధి ఆడవాళ్ల నమ్మకం. చిన్నమ్మ నానబెట్టిన శనగవిత్తనాలు నమిలి, పెదవుల మధ్య పెట్టుకుని, పంజరానికి ముఖం ఆనించేది. ముక్కుకు గుడ్డ లేకుండా మిల్లు గడప దాటని మనిషి, ఇంట్లో చిలక ముక్కుకు తన నోరే అందించేది.

పది దినాలకే చిలక ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చోవడం మొదలుపెట్టింది. కళ్లు తడితడిగా, రెట్ట పచ్చటి నీళ్లలాగా ఉండేవి. చిన్నమ్మకు తెలిస్తే ఎవరికైనా ఇచ్చేస్తుందని నాకు భయం. సాయంత్రం ఆమె వచ్చేసరికి "దానికి నిద్రొస్తాంది" అనేదాన్ని. అంతకుముందే తలుపు మూసి, ఎండిన రెట్టను గీకి, పొడి చీపురుతో ఊడ్చేసేదాన్ని. లేచిన దుమ్ము కిటికీ ఎండలో మెరుస్తూ నెమ్మదిగా చిన్నమ్మ బొంత మీదికి దిగేది. చూడ్డానికి బాగుండేది కూడా.

చిన్నమ్మకు జ్వరం పట్టుకుంది. తల పగిలిపోతోందని గుడ్డ బిగించి కట్టుకుంది. ఆపైన పొడిదగ్గు. మా వీధిలో ఎవరు దగ్గినా దానికి ఒకటే పేరు, దూది దగ్గు. వీధి చివర సూదులేసే ఆయనా అదే అన్నాడు, పక్కింటి అక్కా అదే అని బెల్లంముక్క తినమంది. వారం తిరిగేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. చివరికి ఆ అక్కే ఆటో పిలిచి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇంట్లో పిట్టలేమైనా పెంచుతున్నారా?" అని అడిగింది.

చిన్నమ్మ ఒకసారి నా వైపు చూసింది. "ల్యాదు మేడం."

"ఉంటే చెప్పమ్మా, ఇచ్చే మందు మారుతుంది."

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెబితే చిలక పోతుంది, చెప్పకపోతే చిన్నమ్మే పోతుందని నాకు అర్థమైంది. "ఉంది మేడం, చిలక. దానికీ బాగల్యాదు" అన్నాను.

ఆ జబ్బు చిలకల నుంచి వచ్చేదట. రెట్ట ఎండి పొడై, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతే అంటుకుంటుందట. నోటితో తినిపించినా రావచ్చట. పంజరం తడిపి గానీ ఊడ్వకూడదట. నోటితో తినిపించిన సంగతి చెప్పాను. ఎవరు ఊడ్చారని డాక్టరమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

మందు మార్చాక జ్వరం దిగింది. ఇంటికి వస్తూ ఆటోలో, ఎందుకు లేదన్నావని అడిగాను. "దాన్ని తీస్కపోతే నువ్వు మళ్లా ఒక్కదానివే అయితావని" అంది. వచ్చేసరికి చిలక పంజరం అడుగున బిగుసుకుపోయి ఉంది.

ఇది మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదని డాక్టరమ్మ చెప్పినా చిన్నమ్మ చెవికెక్కలేదు. అవతలి గోడ పక్కకు పడక మార్చింది, తన గ్లాసు వేరే పెట్టుకుంది. సాయంత్రం నేను చెంప చాపితే చేత్తో ఆపేసేది. ఉగాదికి అమ్మానాన్న వచ్చినప్పుడు ఓళిగలు కూడా మాకు అమ్మ చేతే వడ్డింపించి, తను గుమ్మం దగ్గర కూర్చుంది. చిలక కోసం రెండు నెలలు ఏడ్చి మరిచిపోయాను. దీన్ని మరవలేకపోయాను.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ స్థలం ప్లాట్లయింది. కూత లేదు, గాల్లో దూది లేదు, ఉగ్గాని బండి ఎటు పోయిందో తెలియదు. చిన్నమ్మ మాత్రం ఆ గదిలోనే ఉంది. మొన్న ఆదివారం పోయినప్పుడు ఇన్నేళ్లకు చెప్పేశాను. "చిన్నమ్మా, ఆ దుమ్ము లేపింది నేనే. తలుపు మూసి దినామూ ఊడ్చినా."

 తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే నువ్వూ పీల్సింటావే! నీకేమీ కాలేదు గదా పాపా?" అంది, అంతా ఇప్పుడే జరిగినట్టు కంగారుపడుతూ.

ఏమీ కాలేదన్నాను. దగ్గరికి జరిగి చెంప ఆమె ముఖానికి ఆనించబోయాను. చిన్నమ్మ ఊపిరి బిగపట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది.